పెట్టె మీద అచ్చేయని అంకె: లాంగ్ జూమ్ కెమెరా ఎంచుకునే ముందు

నాయుడుపేట నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులను తీయడానికి కెమెరా కొనాలట. "అన్నా, 83 రెట్ల జూమ్‌ది తీసుకోమంటావా, 125 రెట్లదా?" అని అడిగాడు. నేను మూడు ప్రశ్నలు వేశాను. పిట్టకు ఎంత దూరంలో నిలబడతావు? ఏ పొద్దులో తీస్తావు? కూర్చున్నదాన్ని తీస్తావా, ఎగిరేదాన్నా? మూడింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, "అది సరే అన్నా, ఇంతకీ ఎన్ని రెట్లది?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ అంకే. ఇక్కడ చెన్నైలో, వేళచ్చేరిలో మా అపార్టుమెంటు తెలుగువాళ్లూ, ఆఫీసులో పక్షుల పిచ్చి పట్టిన కుర్రాళ్లూ ఇదే అడుగుతుంటారు. అందుకే వాడికి ఫోన్లో చెప్పిందే ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. నేను 83 రెట్ల జూమున్న నికాన్ పీ900ను నాలుగేళ్లు వాడాను. ఆ తరువాతి నుంచి సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 నా చేతిలో ఉంది. రెండింటినీ పళ్లికరణై చిత్తడి నేల గట్టునా, వేడంతాంగల్ చెరువు కట్ట మీదా, పులికాట్ సరస్సులోనూ వాడాను. కాబట్టి ఎక్కువ మాటలు ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు రెట్ల సంగతి. 83 రెట్లంటే ఆ లెన్స్ చివరి ఫోకల్ లెంగ్త్ మొదటి ఫోకల్ లెంగ్త్‌కి 83 రెట్లని అర్థం, అంతే. ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్‌కి ఎంఎంలలో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ దూరపు పిట్ట దగ్గరికొస్తుంది. పానాసోనిక్ ఎఫ్‌జెడ్80 జూమ్ 60 రెట్లు, అది 20 నుంచి 1200 ఎంఎం దాకా పోతుంది. సోనీ హెచ్‌ఎక్స్400వీ జూమ్ 50 రెట్లు, అది 24 నుంచి 1200 దాకా. దూరపు పిట్ట విషయంలో రెండూ ఆగేది ఒక్క చోటే. మొదటిదానికి పది రెట్లు ఎక్కువ వచ్చింది ఇటు చివర, గదిలో నిలబడి పెళ్లివారందరినీ ఒకే ఫోటోలో పట్టించే వైపు. పిట్టకు దానితో పని లేదు.

లెన్స్ చుట్టూ చెక్కిన అంకెలు

అసలు చూడాల్సిన అంకె పెట్టె మీద ఉండదు. దాన్ని మనమే లెక్క కట్టుకోవాలి, కావలసిన రెండు అంకెలూ లెన్స్ ముందు వలయం మీదే చెక్కి ఉంటాయి. మూత తీసి, కెమెరాను ట్యూబులైటు కింద కొంచెం వంచి పట్టుకుంటే కనిపిస్తాయి. నా పీ900 వలయం మీద 4.3 నుంచి 357 ఎంఎం అనీ, పక్కనే 2.8 నుంచి 6.5 అనీ ఉంటుంది. ఈ రెండో జత ఎఫ్ అంకెలు: వెలుగు లోపలికి వచ్చే గుమ్మం (అపెర్చర్) వెడల్పుకు ఫోకల్ లెంగ్త్ ఎన్ని రెట్లో చెబుతాయి. ఏ జతలోనైనా చివరి అంకె పూర్తి జూమ్‌ది. పెట్టె మీద 2000 ఎంఎం అని వేసిన లెన్స్‌కి నిజమైన ఫోకల్ లెంగ్త్ 357 మాత్రమే. 2000 అనేది 35 ఎంఎం ఫిల్ములో అదే దృశ్యం రావాలంటే ఎంత లెన్స్ కావాలో చెప్పే సమానార్థక లెక్క. అందులో మోసమేమీ లేదు, అయితే మన పనికి 357 కావాలి.

357ను 6.5తో భాగించండి. 55 వస్తుంది. పూర్తి జూమ్‌లో ఆ లెన్స్ లోపలికి వెలుగు వచ్చే గుమ్మం వెడల్పు 55 మిల్లీమీటర్లన్నమాట. నేను దీన్ని కెమెరా కన్ను అంటాను. దూరాన ఉన్న పిట్ట నుంచి వచ్చే వెలుగులో ఎంత దోసిట పట్టుకోగలమో తేల్చేది ఈ కన్నే. పిట్ట రెక్కలో ఎంత సన్నని ఈకల్ని విడదీసి చూపగలమో, దాని హద్దు తేల్చేదీ ఇదే.

ఇప్పుడు ఆర్‌ఎక్స్10 మార్క్ 4 వలయం చూడండి. 8.8 నుంచి 220 ఎంఎం, ఎఫ్/2.4 నుంచి 4. 220ని 4తో భాగిస్తే 55. మళ్లీ అదే 55! మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ కట్టాను. 2000 ఎంఎం అని అమ్మే కెమెరాకీ, 600 ఎంఎం అని అమ్మే కెమెరాకీ కన్ను ఒక్కటే.

మిగతావి చూద్దాం. 125 రెట్లది, పెట్టె మీద 3000 ఎంఎం అని ఉండేది నికాన్ పీ1000. దానికి 539 ఎంఎం, ఎఫ్/8. కన్ను 67. బ్రిడ్జి కెమెరాల్లో, అంటే లెన్స్ ఊడదీయలేని ఇలాంటి లాంగ్ జూమ్ కెమెరాల్లో, ఇంతకన్నా పెద్ద కన్ను నాకు తెలిసి మరోదానికి లేదు. 2025లో వచ్చిన పీ1100ది కూడా ఇదే లెన్స్. కానన్ ఎస్‌ఎక్స్70 హెచ్‌ఎస్‌కు 247 ఎంఎం, ఎఫ్/6.5, కన్ను 38. పానాసోనిక్ ఎఫ్‌జెడ్300కు 108 ఎంఎం, జూమ్ పొడుగునా ఎఫ్/2.8, కన్ను 38 పైచిలుకు. లెన్స్ మార్చుకునే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో పానాసోనిక్ 100-300 లెన్స్ చివర ఎఫ్/5.6, కన్ను 53.6. పెద్ద కెమెరాలకు తగిలించే 600 ఎంఎం ఎఫ్/6.3 లెన్సుల కన్ను 95. అడవిలో వాటిని మోసేవాళ్ల ఫోటోలు మనవాటికన్నా ఎందుకు తేటగా ఉంటాయో ఈ 95 చెబుతుంది. వెలుగు వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 55 పట్టినదానికి 95 మూడింతలు పడుతుంది. వాటి బరువూ ధరా కూడా ఆ లెక్కలోనే పెరుగుతాయి.

మరి సెన్సర్ మాటేమిటి

కన్ను ఒక్కటే అయితే పెద్ద సెన్సర్ (వెలుగును పట్టి ఫోటోగా మార్చే చిప్) దేనికని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న.

పీ900, పీ1000, ఎస్‌ఎక్స్70, ఎఫ్‌జెడ్300, వీటన్నిటిలో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. కొలిస్తే సుమారు 6.17 × 4.55 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఆర్‌ఎక్స్10లో ఉండేది ఒక అంగుళం సెన్సర్, 13.2 × 8.8 మిల్లీమీటర్లు. పేరు ఒక అంగుళమే గానీ దాని మూల నుంచి మూలకు కూడా పదహారు మిల్లీమీటర్లే. పాత వీడియో కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం బయటి వెడల్పుతో పిలిచే అలవాటు ఇంకా పోలేదు. వైశాల్యంలో ఇది మొదటిదానికి నాలుగింతలు.

ఈ నాలుగింతల లాభం పూర్తి జూమ్‌కి ముందే కనిపిస్తుంది. పిట్ట కాస్త దగ్గరగా, 600 ఎంఎంకు సరిపోయే దూరంలో ఉందనుకోండి. ఆర్‌ఎక్స్10 అక్కడ తన 55 కన్నంతా తెరిచి చూస్తుంది. పీ900ను అదే 600 దగ్గర ఆపితే దాని నిజమైన ఫోకల్ లెంగ్త్ 107. అపెర్చర్ అక్కడ ఎఫ్/5 ప్రాంతంలో ఉంటుంది. కన్ను 21కి కుంచించుకుపోతుంది. అంటే ఆర్‌ఎక్స్10 పట్టే వెలుగులో ఆరో వంతుకు అటూఇటూ. మబ్బు పట్టిన పూట ఈ తేడా ఫోటో తెరవగానే తెలిసిపోతుంది.

పిట్ట బాగా దూరాన ఉన్నప్పుడు కథ మారుతుంది. ముప్పై మీటర్ల దూరంలో 16 సెంటీమీటర్ల చిన్న లకుముకి పిట్ట కూర్చుందనుకుందాం. పీ900 పూర్తి జూమ్‌లో ముక్కు నుంచి తోక దాకా దాదాపు 1,420 పిక్సెళ్లు పరుచుకుంటుంది. ఆర్‌ఎక్స్10లో 490కి మించవు. ఈ అంకెలు చూసి పీ900 మూడింతలు మేలనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

కానీ వెలుగు అపెర్చర్‌లోంచి వచ్చేటప్పుడు కొంచెం చెదురుతుంది. డిఫ్రాక్షన్ అంటారు. సూదిమొనంత వెలుగు కూడా సెన్సర్ మీద చిన్న గుండ్రని మరకలా పడుతుంది. పచ్చని వెలుగుకు ఎఫ్/6.5 దగ్గర ఆ మరక వెడల్పు దాదాపు 8.7 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). పీ900 పిక్సెల్ వెడల్పు 1.34 మైక్రాన్లే. అంటే ఒక్క చుక్క ఆరేడు పిక్సెళ్ల మీద అలుక్కుపోతుంది. ఆర్‌ఎక్స్10లో ఎఫ్/4 దగ్గర మరక 5.4 మైక్రాన్లు, పిక్సెల్ 2.4. రెండు పిక్సెళ్లకు కాస్త ఎక్కువ. ఇప్పుడు ఆ లకుముకి పిట్ట ఒంటి పొడుగునా ఇలాంటి మరకలు ఎన్ని పక్కపక్కన పడతాయో లెక్కేస్తే, పీ900లో 219, ఆర్‌ఎక్స్10లో 218. పీ1000లో 268. ఎస్‌ఎక్స్70లో 151. ఒకే కన్ను ఉన్న రెండు కెమెరాలు, ఒకే చోట తేలాయి. పిక్సెళ్లు మూడింతలున్నంత మాత్రాన ఈకలు మూడింతలు కనిపించవు.

అయినా పీ900కు ఇక్కడ చిన్న మొగ్గు ఉందని నిజాయితీగా చెప్పాలి. మరకకు రెండే పిక్సెళ్లుంటే కొంత వివరం పిక్సెళ్ల సందుల్లో జారిపోతుంది. ఆరేడు ఉంటే జారదు. పైగా ఆర్‌ఎక్స్10 ఫోటోను 2000 ఎంఎం దృశ్యానికి క్రాప్ చేస్తే 20 మెగాపిక్సెళ్లలో మిగిలేది రెండు కూడా ఉండవు. ఫోన్లో చూడటానికి చాలు, గోడకు కట్టడానికి చాలదు. అందుకే పిట్ట దూరంగా, కదలకుండా, మంచి వెలుగులో ఉంటే చిన్న సెన్సర్ కెమెరానే తీసుకోమంటాను. చిన్న సెన్సరంటే పనికిరానిదని కొట్టిపారేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఇదే లెక్కలో ఇంకొకటి. ఈ కెమెరాల్లో పూర్తి జూమ్ దగ్గర అపెర్చర్‌ను ఎప్పుడూ మూయకండి. స్పష్టత పెరుగుతుందని ఎస్‌ఎల్‌ఆర్ రోజుల్లో నేర్చుకున్న అలవాటు కొద్దీ ఎఫ్/8కి తిప్పేవాళ్లను చూశాను. ఇక్కడ అది మరకను ఇంకా పెద్దది చేస్తుంది, వెలుగును తగ్గిస్తుంది. తెరిచినంత తెరిచే ఉంచాలి.

మన వెలుగు, మన గాలి

ఉత్తరాదిలో శీతాకాలపు పక్షులను ఎండలో తీస్తారు. మనకు పక్షులు వచ్చేదీ, ఈశాన్య రుతుపవనాలు వచ్చేదీ ఒక్కసారే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై ఆకాశం ఎన్ని రోజులు సీసం రంగులో ఉంటుందో ఇక్కడ బతికేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే కెమెరా ఎంచుకునేటప్పుడు నేను ఎండను లెక్కలోకి తీసుకోను, మబ్బును తీసుకుంటాను.

నిండు ఎండలో ఎఫ్/6.5, సెకనులో 500వ వంతు షట్టర్ పెట్టినా ఐఎస్‌వో 100 చాలు. ఐఎస్‌వో అంటే సెన్సర్ సున్నితత్వపు అంకె, పెంచేకొద్దీ ఫోటోలో గరుకు, అంటే నాయిస్, పెరుగుతుంది. మామూలు మబ్బులో అదే అమరికకు ఐఎస్‌వో 500 దాటాలి. సాయంత్రం ముసురులో 2,000 దాటాలి. ఎఫ్/4 ఉన్న ఆర్‌ఎక్స్10కు అదే ముసురులో 800 సరిపోతుంది. దాని సెన్సర్ నాలుగింతలు పెద్దది కాబట్టి ఆ 800 కూడా శుభ్రంగా ఉంటుంది.

ఒక డిసెంబరు సాయంత్రం వేడంతాంగల్ కట్ట మీద నిలబడి ఉన్నాను. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీదికి ఎర్రకాళ్ల కొంగలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. సన్నగా తుంపర. పీ900లో 1200 ఎంఎం దాకా లాగి, ఐఎస్‌వో 1600కి వదిలేసి నలభై దాకా ఫోటోలు తీశాను. కెమెరా వెనక తెర మీద చక్కగానే కనిపించాయి. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే రెక్కల మీది గులాబీ ఈకలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తడి గోడ మీద వేసిన సున్నంలా ఉన్నాయి. పీ900లో రా ఫైల్, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్, రాదు. జేపెగ్ తయారు చేసేటప్పుడు కెమెరానే నాయిస్‌ను తుడిచేస్తుంది, దాంతో పాటే ఈకలూ పోతాయి. పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. కొంగలు మళ్లీ వచ్చే ఏడాది వస్తాయి, నిజమే. కానీ పిల్ల నోట్లోకి చేపను జారవిడుస్తున్న ఆ ఒక్క క్షణం మళ్లీ దొరకలేదు.

అందుకని చిన్న సెన్సర్ కెమెరాకు వెళితే రా ఫైల్ ఇచ్చేదే తీసుకోండి. పీ950, పీ1000, ఎస్‌ఎక్స్70 ఇస్తాయి. ఇప్పుడొస్తున్న నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఆ ఫైళ్ల మీద చేసే పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పీ900 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది గానీ, ఈ ఒక్క కారణానికే దాన్ని ఇక ఎవరికీ చెప్పను. 2020లో వచ్చిన పీ950 లెన్స్ అదే, 2000 ఎంఎం అదే. వ్యూఫైండర్ కూడా చాలా మెరుగు.

ఇక గాలి. పళ్లికరణై 2022లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. తొరైపాక్కం నుంచి వచ్చే రేడియల్ రోడ్డు పక్కన నిలబడితే చిత్తడి కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. దూరాన నీళ్లలో రాజహంసలు (ఫ్లెమింగోలు). పొద్దున్న ఆరున్నరకు తీస్తే కాళ్ల మీది ముడి కూడా తెలుస్తుంది. తొమ్మిది దాటాక అదే కెమెరాతో, అదే చోటి నుంచి తీయండి. నీళ్ల మీది వేడి గాలి ఆడటం మొదలవుతుంది. మెడ వంకర్లు తిరిగిపోతుంది, పిట్ట కన్ను ఉన్న చోట నల్లని మసక మిగులుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద పులికాట్ నడుమ నిలబడితే ఇది ఇంకా ఎక్కువ, తారు రోడ్డు కూడా తన వేడి కలుపుతుంది. దీనికి లెన్స్ లేదు, సెన్సర్ లేదు. 125 రెట్ల జూమ్ ఆ ఆవిరిని 125 రెట్లు చేసి చూపిస్తుంది. వంద మీటర్లు దాటిన పిట్టకు 3000 ఎంఎం మన ఊళ్లలో తెల్లవారిన గంటన్నర, రెండు గంటలు తప్ప అక్కరకు రాదని నా అనుభవం.

షాపులో మీకు చూపించేది మాత్రం చంద్రుడి ఫోటో. పీ1000లో చంద్రుడు ఫ్రేము ఎత్తును మించిపోతాడు, చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే చంద్రుడి మీద పడేది నేరుగా సూర్యుడి వెలుగు. మనకు రాత్రే గానీ కెమెరాకు అది పట్టపగలు. ఐఎస్‌వో 100తో పనైపోతుంది, చిన్న సెన్సర్ బలహీనత బయటపడే సందర్భమే కాదు. చంద్రుణ్ణి చూసి చెట్టు నీడలోని పిట్ట కోసం కెమెరా కొనకండి. షాపువాళ్లను అడిగి, లోపల రాక్ కింద నీడలో ఉన్న ఏదైనా పెట్టె మీది సన్న అక్షరాలను పూర్తి జూమ్‌లో తీసి చూడండి. మీ వేడంతాంగల్ ఫోటో ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

పిట్టను ఫ్రేములోకి తెచ్చుకోవడం

కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇది. యాభై మీటర్ల దూరంలో 2000 ఎంఎం చూపించే వెడల్పు తొంభై సెంటీమీటర్లు. 600 అయితే మూడు మీటర్లు. తొంభై సెంటీమీటర్ల కిటికీలోంచి, చేతుల వణుకుతో, ఆకుల మధ్య పాలపిట్టను వెతకాలి. మొదటి నెల నాకు దొరికినవన్నీ ఖాళీ కొమ్మలే. నికాన్‌లో లెన్స్ పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వచ్చి చుట్టుపక్కలంతా చూపిస్తుంది, వదిలేస్తే మళ్లీ ముందుకు పోతుంది. కానన్ ఎస్‌ఎక్స్70లోనూ ఇలాంటిదే ఉంది. కొనే ముందు ఆ బటన్ మీద వేలు సులువుగా పడుతోందో లేదో చూసుకోండి. నా అనుభవంలో ఇది నాలుగు మెగాపిక్సెళ్లకన్నా విలువైనది.

ఎగిరే పిట్టల దగ్గర మాత్రం నాకు రెండో మాట లేదు. పీ900, పీ950, పీ1000 ఫోకస్ కాంట్రాస్ట్ పద్ధతిలో పనిచేస్తుంది. ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది, ఈలోపు గరుడపక్షి రోడ్డు దాటి పోతుంది. ఆర్‌ఎక్స్10 మార్క్ 4లో అలా వెతుక్కోకుండా నేరుగా ఫోకస్ పట్టే ఫేజ్ డిటెక్షన్ ఉంది, సెకనుకు 24 ఫోటోలు తీస్తుంది. సాయంత్రం గూళ్లకు తిరిగొచ్చే కంకణాల (ఐబిస్ పక్షుల) గుంపును దానితో తీసినన్నాళ్లూ మరోదాన్ని తలచుకోలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. మార్క్ 3కీ లెన్స్ అదే, 600 ఎంఎం అదే, కానీ ఫేజ్ డిటెక్షన్ లేదు. పాతవి అమ్మేవాళ్లు రెండూ ఒకటేనంటారు. ఒకటి కాదు.

బరువు గురించి ఒక్క ముక్క. పీ1000 దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు, ఆర్‌ఎక్స్10 కిలో వంద, పీ950 కిలో, ఎస్‌ఎక్స్70 ఆరు వందల పది గ్రాములు. అరగంట తరువాత మెడ చెప్పేది విని తేల్చుకోండి.

చెన్నై ఉక్క, పాత కెమెరాలు

బ్రిడ్జి కెమెరా లెన్స్ ఊడదీయలేం. కాబట్టి సెన్సర్ మీద దుమ్ము పడదని చాలామంది ధైర్యం. పడుతుంది. జూమ్ ముందుకు పోయినప్పుడల్లా లోపలికి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలితో సముద్రపు తేమ, ధూళి వెళతాయి. లెన్స్ మార్చుకునే కెమెరా అయితే దుమ్మును ఇంట్లో ఊదుకోవచ్చు. దీన్ని సర్వీసుకు ఇచ్చి విప్పించాల్సిందే. ఎఫ్‌జెడ్300ది నీటి తుంపరనూ దుమ్మునూ తట్టుకునే నిర్మాణం. పడవలో పులికాట్ తిరిగేవాళ్లకు, 600 ఎంఎం చాలనుకునేవాళ్లకు అది ఇప్పటికీ మంచి ఎంపిక. కన్ను 38 మాత్రమేనన్నది గుర్తుంచుకోవాలి.

మౌంట్ రోడ్డుకు దగ్గర సందులో ఒక షాపులో మా అమ్మాయి కోసం సెకండ్ హ్యాండ్ బ్రిడ్జి కెమెరా కొన్నాను. బయట కొత్తదానిలా ఉంది, ఒక్క గీత లేదు. ఇంటికొచ్చి ఫోన్ టార్చి ఏటవాలుగా కొడితే లెన్స్ లోపల, మూడో గాజు అంచున, సాలీడు దారాల్లాంటి సన్నని తెల్లని కొమ్మలు. ఫంగస్. మరునాడు తీసుకెళితే వాళ్లు వెనక్కి తీసుకోలేదు. అమ్మాయి ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి నేను ఎవరితో వెళ్లినా షాపులోనే కెమెరా ఆన్ చేసి, జూమ్ మొత్తం లాగి, లైటుకు దూరంగా జరిగి, ముందు నుంచి టార్చి కొట్టి చూస్తాను. ఆ తరువాత తెల్ల గోడను అపెర్చర్ మూసినంత మూసి తీస్తాను. మచ్చలుంటే అందులో కనిపిస్తాయి. ఈ రెండింటికీ ఒప్పుకోని షాపులో కొననక్కర్లేదు.

ఇంట్లో దాచేది గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో. లోపల చిన్న తేమ మీటరు పెట్టి నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంచుతాను. గింజల రంగు మారినప్పుడు వంటకు వాడని బాణలిలో సన్నసెగ మీద ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. తెల్లవారుజామున ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే గాజు మీద ఆవిరి కమ్మేస్తుంది. ముందు రాత్రే సంచితో సహా హాల్లో పెట్టుకోండి.

ఎవరికి ఏది

నేలపట్టులో మా తమ్ముడు వాచ్ టవర్ మీద నిలబడి, ఆదివారం పొద్దున్నే, గూళ్ల మీద కూర్చున్న గూడబాతులను తీస్తాడు. దూరం ఎక్కువ, కదలిక తక్కువ, పొద్దు లేతగా ఉంటుంది. వాడికి పీ950 అన్నాను. వంద మీటర్లలో ఉన్న గూడబాతు ఆ కెమెరా ఫ్రేము వెడల్పును దాదాపు నింపేస్తుంది. ఆర్‌ఎక్స్10లో నాలుగో వంతే వస్తుంది. 125 రెట్లది ఎందుకు వద్దన్నాననీ అడిగాడు. కన్ను 67 నిజమే, 55 కన్నా ఒకటిన్నర రెట్ల వెలుగు పడుతుంది. కానీ ట్రైపాడ్ లేకుండా ఆ బరువుతో ఆ ఇరుకు కిటికీలోంచి పిట్టను వెతకడం మొదటి కెమెరాతో నేర్చుకునే పని కాదు. చంద్రుడూ, గ్రహాలూ, ట్రైపాడ్ మీద నిలకడగా పని చేయడం ఇష్టమున్నవాళ్లకు పీ1000 నిక్షేపంగా చెబుతాను.

ముసురు పట్టినా, సాయంత్రమైనా, ఎగిరేవి కావాలన్నా, పక్షులతో పాటు గుళ్లూ ఇంటి వేడుకలూ అదే కెమెరాతో తీయాలన్నా ఆర్‌ఎక్స్10 మార్క్ 4. ఖరీదు మాత్రం ఎక్కువే. అంత పెట్టలేకపోతే అదే అంగుళం సెన్సర్‌తో 2014లో వచ్చిన పానాసోనిక్ ఎఫ్‌జెడ్1000 పాతది వెతకండి. 400 ఎంఎం దాకానే వెళుతుంది, దగ్గరికి వచ్చే పిట్టలకు, పార్కుల్లో, గిండీ చెట్ల కింద, అది హాయిగా సరిపోతుంది.

రోజూ సంచిలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లి, దారిలో కనిపించినదాన్ని తీసుకునేవాళ్లకు ఎస్‌ఎక్స్70. ముందు ముందు లెన్సుల మీద ఖర్చు పెట్టే ఉద్దేశం ఉంటే మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ, 100-300 లెన్స్. ఇవాళ 54 కన్నుతో మొదలైనా, అదే బాడీకి రేపు 100-400 తగిలిస్తే 63 అవుతుంది. బ్రిడ్జి కెమెరాలో కన్ను పెంచుకోవాలంటే కెమెరానే మార్చాలి.

మా తమ్ముడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. నెల్లూరులో ఒకరి దగ్గర పీ950 ఉందట, పెట్టెతో సహా. లెన్స్ వలయం ఫోటో తీసి పంపాడు, కింద తనే 357 బై 6.5 అని రాసి. టార్చి కొట్టి చూశావా అన్నాను. "చీకటి పడనీ అన్నా, చూసి చెబుతా" అన్నాడు.